వెనక్కి తిరగ్గానే చివరికి జరిపారా? ఉమెన్స్ ఫిజిక్‌లో ర్యాంకు ఎక్కడ పోతోందో చూసుకోండి

గాజువాకలో నా దగ్గర ఉమెన్స్ ఫిజిక్‌కి (ఆడవాళ్ల కండల పోటీల్లో ఒక కేటగిరీ) ప్రిపేర్ అయ్యే అమ్మాయిలు పోటీ అయిన మర్నాడు ఒకే మాట పట్టుకుని వస్తారు: "అక్కా, డైట్ తప్పలేదు, కట్స్ (కండల మధ్య గీతలు) బాగున్నాయి, మరి ఆరో ప్లేసేంటి?" కాసేపు జడ్జిలను తిడతారు. లేదంటే ఈసారి ఇంకో 4 కిలోలు తగ్గుతానని శపథం చేస్తారు. రెండూ ఆపి, ముందు ఫోన్‌లో ఆ రోజు వీడియో తెరవండి. పోల్చి చూస్తూ జడ్జిలు ముందున్నవాళ్లను లైను మధ్యకి, వెనకబడినవాళ్లను చివరికి జరుపుతారు. లైన్లో మిమ్మల్ని ఎప్పుడు, ఏ పోజు తర్వాత జరిపారో చూడండి. నేను వందసార్లు చెప్పినా ఎవరూ మొదట చేయని పని ఇదే. డైటూ ట్రైనింగూ మీకు తెలుసనుకునే రాస్తున్నా.

అసలు మొదటి కాల్ అవుట్‌లోనే మీ నంబరు లేదు

కాల్ అవుట్ అంటే పోల్చి చూడ్డానికి జడ్జిలు కొందరిని నంబర్లతో పిలవడం, మొదట పిలిచేది పై ర్యాంకుల వాళ్లని. అందులో మీరు లేకపోతే చాలాసార్లు తప్పు ఒంట్లో ఉండదు, ఎంట్రీ ఫారంలో ఉంటుంది. ఉమెన్స్ ఫిజిక్ అంటే ఫిగర్‌కీ బాడీబిల్డింగ్‌కీ మధ్యలోది. ఫిగర్‌లో హై హీల్స్ మీద క్వార్టర్ టర్న్స్ (పావు చుట్టు చొప్పున తిరిగి నాలుగు వైపులా చూపించడం) ఉంటాయి, కండ చూపించే పోజులుండవు. ఫిజిక్‌లో చెప్పుల్లేకుండా నిలబడాలి, పోజులు కొట్టాలి, పిడికిలి మాత్రం బిగించకూడదు, చేతులు తెరిచే ఉండాలి. 2013లో మొదటి ఉమెన్స్ ఫిజిక్ ఒలింపియా డానా లిన్ బెయిలీ గెలిచింది. అదే ఏడాది మిస్ ఒలింపియా, అంటే ఆడవాళ్ల బాడీబిల్డింగ్ టైటిల్, ఐరిస్ కైల్‌ది. ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే జడ్జిలు ఎక్కడ గీత గీస్తారో అర్థమవుతుంది. కండ కావాలి, ఆకారం కావాలి, పైభాగానికీ కాళ్లకీ పొత్తు కుదరాలి. అలాగని తోలు కింద ప్రతి నారా లెక్కపెట్టేంత ఎండిపోతే మార్కు తగ్గుతుంది. ఇంకో 4 కిలోలు తగ్గుతానన్న అమ్మాయి ఒక్కోసారి ఉన్న ప్లేసు కూడా పోగొట్టుకునేది అందుకే.

మన దేశంలో ఇంకో చిక్కుంది. మోడల్ ఫిజిక్, అథ్లెటిక్ ఫిజిక్, స్పోర్ట్స్ ఫిజిక్ అని పేర్లున్నాయి. అన్నిట్లోనూ ఫిజిక్ ఉంది కదా అని అన్నీ ఒకటే అనుకోకండి. ఫెడరేషన్ మారితే రూలు మారుతుంది. డబ్బు కట్టేముందు రూల్ షీటు అడిగి తీసుకోండి. కాలికి ఏం వేసుకోవాలి, ఏ పోజులు అడుగుతారు, ఈ రెండూ చదివితే చాలు, మీ కేటగిరీ అవునో కాదో తెలిసిపోతుంది.

ముందు మధ్యలో నిలబెట్టారు, తర్వాత చివరికి పంపారు

నన్ను ముంచింది ఇదే. క్వార్టర్ టర్న్స్‌లో మధ్యలో ఉన్నారు. ఫ్రంట్ డబుల్ బైసెప్స్ (ముందుకు తిరిగి రెండు చేతులూ ఎత్తి మడిచే పోజు) దాకా అక్కడే ఉన్నారు. "వెనక్కి తిరగండి" అన్నారు. మళ్లీ ముందుకు తిరిగేసరికి మీ నంబరు పిలిచి చివరికి జరిపారు. వీడియోలో ఇది కనిపిస్తే డైట్ చార్ట్ మూసేయండి. మీ వీపు చూసుకోవాలి.

నా స్టూడెంట్ ఒకమ్మాయికి వీపు చాలా బాగుండేది. ప్రాక్టీసులో జుట్టెప్పుడూ ముడే. పోటీ రోజు పొద్దున్నే పార్లర్‌కి వెళ్లి, స్ట్రెయిట్ చేయించుకుని, నడుం దాకా వదిలేసుకుని వచ్చింది. నేనూ బాగుందనే అన్నా. బ్యాక్ డబుల్ బైసెప్స్ కొట్టింది. కింద కూర్చున్న నాకు కనిపించింది నల్లటి తెర. ట్రాప్స్ (మెడ కింది వీపు కండ) లేవు, ల్యాట్స్ (చంకల కింద వీపు పక్క కండలు) సగం లేవు, తెర కింద నడుం ఒక్కటే ఉంది. పక్కనున్న అమ్మాయికి ఇంత వీపు లేదు, కానీ కొప్పు పైకి కట్టుకుంది. ఆమెను మధ్యలోకి పిలిచారు, మా అమ్మాయిని పక్కకి జరిపారు. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

జుట్టు తీయమని జడ్జి చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పినా, చెయ్యి జుట్టు దగ్గరకి పోయేసరికి కట్టుకున్న పోజు కాస్తా జారిపోతుంది. కాబట్టి కొప్పు వేసుకోండి. వదిలే ఉంచాలనుకుంటే వెనక్కి తిరిగే అడుగుతో పాటే జుట్టు భుజం మీదుగా ముందుకు వేసుకోవడం అలవాటు చేసుకోండి, ఇంట్లోనే, రోజూ.

జుట్టు సర్దినా జరిపారంటే కాళ్లు చూడండి. అద్దంలో మనకు కనపడేది ముందు భాగం, అందుకే దాన్నే దిద్దుకుంటాం. వెనక్కి తిరిగితే వెనక భుజాలు, ల్యాట్స్, గ్లూట్స్ (పిరుదులు), హ్యామ్‌స్ట్రింగ్స్ (తొడ వెనక కండలు), కాఫ్ (పిక్క) అన్నీ ఒకేసారి బయటపడతాయి. అందరూ చేసే తప్పు చేతులు ముందు ఎత్తడం. చేతుల మీద ధ్యాస పెట్టేసరికి కాలు వదులైపోతుంది. కింది నుంచి కట్టుకుంటూ రండి. ఒక కాలు వెనక్కి పెట్టి మునివేళ్ల మీద ఆనించండి, కాఫ్ ముద్ద కట్టాలి. ఆ వేళ్లతో నేలను మీ వైపు లాగుతున్నట్టు నొక్కితే హ్యామ్‌స్ట్రింగ్ లేస్తుంది. గ్లూట్స్ బిగించండి. అప్పుడు ల్యాట్స్ విప్పండి, భుజాలు చెవుల దాకా లేపొద్దు, లేపితే ల్యాట్స్ ముడుచుకుంటాయి. చేతులు ఆఖర్న.

ఇదంతా సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే ఫోన్ ఒక స్టూలు మీద, కూర్చున్న మనిషి కళ్లెత్తులో పెట్టండి. పది అడుగుల దూరంలో వీపు తిప్పి నిలబడి, పదిహేను సెకన్లు పోజు పట్టండి. స్టేజీ బికినీ, పోటీ రోజు జుట్టు, అన్నీ ఉండాలి. ట్రాక్ ప్యాంటులో చేసి "చూశానక్కా" అనొద్దు. రెండు వారాల ముందే చేయాల్సిన పని ఇది, ఎందుకో అందరూ ఆఖరి రోజుకి నెట్టేస్తారు.

జిమ్‌లో ఉన్న కట్స్ స్టేజీ మీద లేవు

మన వైజాగ్ ఉక్కపోతలో సగం పాపం టాన్‌దే, అంటే స్టేజీ కోసం ఒంటికి పూసుకునే ముదురు రంగుది. సరిగ్గా ఆరకముందే చెమట పడితే చారలొస్తాయి, స్టేజీ లైట్ల కింద చార కనపడుతుంది గానీ కండ గీత కనపడదు. ముందురోజు రాత్రి ఏసీ గదిలో పల్చగా కోటు మీద కోటు వేయించుకోండి. ఆరాక వదులుగా ఉన్న పాత నల్ల నైటీ వేసుకోండి. ఒంటికి క్రీములు రాయొద్దు. ఇక కట్స్ కోసం నీళ్లు మానేయడం శుద్ధ తప్పు. కండలో ఎక్కువ భాగం నీళ్లే, అవి పోతే కండే చదునైపోతుంది, స్టేజీ మీద కళ్లు తిరిగేది అదనం.

"ఒక జడ్జికి నేనంటే పడదు"

దీనికి టైం వృథా చేయొద్దు. ఒక్కో జడ్జి ఒక్కో ర్యాంకు వేస్తారు, మొత్తం తక్కువ వచ్చినవాళ్లు పైన. ఏడుగురిలో మీకు 4, 4, 4, 5, 5, 5, 9 పడ్డాయనుకోండి. బాగా ఎక్కువది, బాగా తక్కువది ఒక్కొక్కటి తీసేస్తారు. 9 పోయింది, ఒక 4 పోయింది, మిగిలింది 23. మిమ్మల్ని కిందకి లాగింది ఆ 9 కాదు, ఆ మూడు అయిదులు.

పాట ఆగిపోవడం, బికినీ హుక్కు ఊడటం, నంబరు బిళ్ల తలకిందులు కావడం, ఇవీ జరుగుతాయి. పిన్నీసులు నాలుగు ఎక్కువ పెట్టుకోండి. బికినీ రంగు వల్ల ర్యాంకు పోయినవాళ్లను మాత్రం నేనింతవరకు చూడలేదు.