సముద్రపు ఒడ్డు ఇసుకలో మన చెట్లు నాటడం ఎలా?

మా ఊరు బాపట్లకూ చీరాలకూ మధ్య. రాత్రి పెరట్లో నిలబడితే అలల చప్పుడు వినిపిస్తుంది. పదిహేనేళ్లుగా ఈ ఇసుకలోనే చెట్లు పెంచుతున్నాను, చుట్టుపక్కల ఇళ్లలోనూ నాటించాను. ఏటా ఒకటే వరస చూస్తున్నాను. వానలు మొదలవగానే నర్సరీ నుంచి ఆటో నిండా మొక్కలు దిగుతాయి. ఉగాది వచ్చేసరికి పుల్లలు మిగులుతాయి. "ఈ ఉప్పు ఇసుకలో ఏదీ బతకదండీ" అనేసి పెరడంతా బండలు పరిపిస్తారు. లేదంటే ఎవరో చెప్పారని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు తెచ్చి వరసగా పెడతారు. తప్పు ఇసుకది కాదు, ఉప్పుదీ కాదు. మొక్కను గుంతలో పెట్టే ఆ పది నిమిషాల్లో జరుగుతోంది తప్పు.

ముందు ఏవి నాటాలో చూద్దాం. సముద్రానికి ఎదురుగా ఉన్న వైపు పొన్న, కానుగ, గంగరావి. ఈ మూడూ ఉప్పుగాలిని ఓర్చుకునే చెట్లు. పొన్న నెమ్మదిగా పెరుగుతుంది గానీ దాని ఆకు చూడండి, తోలులా మందంగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. గంగరావి పువ్వు పొద్దున పసుపుగా విచ్చుకుని సాయంత్రానికి ఎర్రబారుతుంది. కంచె కోసం వావిలి పెట్టండి, మేకలు దాని జోలికి రావు. ఖాళీ ఇసుక ఎగిరిపోకుండా బాలబంద తీగ పాకించండి. బీచ్‌లో మేక గిట్ట ఆకారపు ఆకులతో, ఊదా పువ్వులతో పాకేది అదే. పొగడ, తంగేడు, నందివర్ధనం మాత్రం ఇంటి చాటున ఉండాలి. మొగలి బాగా వస్తుంది కానీ ముళ్ల ఆకు, పొద పెద్దదవుతుంది, పిల్లలు తిరిగే చోట వద్దు.

సరుగుడు పెట్టమనేవాళ్లు చాలామంది ఉన్నారు. తీరం వెంట గాలి తట్టుకోడానికి, కర్ర కోసం వేసే తోటల సంగతి వేరు, వాటిని నేను కాదనను. ఇంటి పెరడుకు మాత్రం అది పనికిరాదు. దాని కింద రాలిన పుల్లల పొర మందంగా పేరుకుని ఇంకో మొక్కను లేవనివ్వదు. పైగా అది మన నేలదీ కాదు, 1860ల్లో కర్ణాటక తీరంలోని కార్వార్ వైపు మొదలుపెట్టి దేశమంతా వేశారు. కోనోకార్పస్ అయితే అసలు ఆలోచించకండి. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. కానుగ పూసిన రోజుల్లో చెట్టు కింద నిలబడితే పైనంతా తేనెటీగల రొద. కోనోకార్పస్ కింద నాకు ఆ చప్పుడు ఎప్పుడూ వినిపించలేదు.

పొన్నను గింజ నుంచి పెంచాలనుకుంటే ఒక్క మాట. కాయ పెంకుతో పాతితే మొలవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. పెంకు జాగ్రత్తగా పగలగొట్టి లోపలి పప్పు నలగకుండా తీసి పెడితే మూడు వారాల్లో మొలుస్తుంది. కానుగ గింజకు ఈ తంటా ఏమీ లేదు.

సామానుకేముంది. పార, గునపం, రెండు బకెట్లు, ఒక బ్లేడు, నాలుగు తట్టల చెరువు మట్టి, నాలుగు తట్టల బాగా చివికిన పశువుల ఎరువు, ఒక బస్తా వేరుశనగ తొక్కలు. అంతే.

మొక్క అడుగున్నర ఎత్తు మించకూడదు. ఆరడుగుల మొక్క చూడ్డానికి బాగుంటుంది గానీ, పైన అంత ఆకు, కింద కవర్‌లో ఇరుక్కున్న గుప్పెడు వేళ్లు. ఒక్క వేసవికే పోతుంది. చిన్నది నాటినవాళ్ల చెట్టే నాలుగో ఏటికి ఎత్తుగా ఉంటుంది.

నాటాల్సింది ఉత్తర కార్తె నుంచి చిత్త కార్తె లోపు, అంటే సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మూడో వారం దాకా. జూలైలో నాటేస్తారు అందరూ. మా వైపు జూలైలో ఒక వాన పడితే పది రోజులు ఎండ కాస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో వానలు బాగా పడతాయి. అప్పుడు నాటితే వానలూ, ఆ తర్వాత చలికాలమూ కలిసి వేసవికి ముందు నాలుగైదు నెలలు వేరుకు దొరుకుతాయి.

గుంత రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. గోడకు పదిహేను అడుగుల దూరం.

ఇక అసలు పని. ఇక్కడ తొందరపడకండి.

నాలుగేళ్ల క్రితం మా వీధిలో ఒకరు పిలిచారు. రోజూ రెండు బకెట్లు పోస్తున్నా గంగరావి ఎండిపోయిందని. చుట్టూ ఇసుక తవ్వాను, చల్లగా, తడిగా ఉంది. మొక్కను పైకి తీశాను. నర్సరీ వాళ్ల ఎర్రమట్టి ముద్ద కవర్ ఆకారంలోనే ఉంది, ఇటుకలా గట్టిగా. గోటితో గీస్తే పొడి రాలింది. వేళ్లు ముద్ద చుట్టూ చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, ఒక్కటంటే ఒక్క వేరు ఇసుకలోకి రాలేదు. తడి ఇసుక మధ్యలో దాహంతో చచ్చిపోయింది ఆ మొక్క.

ఎందుకు ఇలా అవుతుందంటే, ఎర్రమట్టిలో రంధ్రాలు సన్నవి, ఇసుకలో పెద్దవి. ఎర్రమట్టి ఒకసారి ఎండితే కుంచించుకుపోయి చుట్టూ సందు ఏర్పడుతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి, ఇసుకలోంచి జారిపోతాయి తప్ప ముద్దలోకి దిగవు. మీరు ఎంత పోసినా లెక్కలోకి రాదు. ఎరువు ఎక్కువ వేస్తే సరిపోతుందనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. రసాయన ఎరువంటే ఉప్పే, ఉన్న దాహాన్ని పెంచుతుంది.

అందుకని ఇలా చేయండి. నాటే ముందు సాయంత్రం మొక్కను కవర్‌తో సహా బకెట్ నీళ్లలో ముంచండి. బుడగలు వస్తాయి. అవి పూర్తిగా ఆగేదాకా తీయొద్దు. ఒక్కోసారి అరగంట పడుతుంది. తర్వాత నీడలో ఉంచండి.

మర్నాడు చల్లపొద్దున కవర్‌ను బ్లేడుతో నిలువుగా కోయండి. మొదలు పట్టుకుని లాగొద్దు, అడుగున చెయ్యి పెట్టి ఎత్తండి. అడుగున చుట్ట తిరిగిన వేళ్లు కనిపిస్తే అంగుళం మేర కోసేయండి. బాధపడకండి, కోసిన చోట కొత్త వేర్లు పుడతాయి. ఆ చుట్టను అలాగే వదిలితే చెట్టు పెద్దయ్యాక గాలివానకు మొదలంటా పడిపోతుంది. ఇప్పుడు పక్కల నుంచి తడి ఎర్రమట్టిని వేళ్లతో నెమ్మదిగా రాల్చండి. కానుగ, గంగరావి అయితే మూడో వంతు మట్టి రాల్చినా ఓర్చుకుంటాయి. పొన్నకు మాత్రం పైపొర గీసి వదిలేయండి, దాని తల్లివేరు కదిలితే నెలల తరబడి ఎదగదు.

గుంతలోంచి తీసిన ఇసుకలో నాలుగో వంతు చెరువు మట్టి, నాలుగో వంతు చివికిన ఎరువు కలపండి. కొందరు ఇసుకంతా పారబోసి గుంత నిండా ఎర్రమట్టి నింపుతారు. అది భూమిలో పాతిపెట్టిన పూలకుండీ అవుతుంది, ముద్ద సమస్యే పెద్ద సైజులో వస్తుంది. ఇసుక ఉండాలి. వేరు పుట్టిన రోజు నుంచీ ఇసుక రుచి తెలియాలి.

ముద్ద పైభాగం చుట్టూ ఉన్న నేల కంటే మూడు అంగుళాలు కిందికి ఉండేలా నిలబెట్టండి. మా ఇసుక గాలికి కదులుతుంది, పైన పెడితే నెలలో వేళ్లు బయటపడతాయి. అయితే మొదలును మాత్రం మట్టిలో పూడ్చకండి. సగం మట్టి వేశాక ఒక బకెట్ పోయండి, అది ఇంకాక మిగతా మట్టి, మళ్లీ ఒక బకెట్. చేత్తో అదమండి, కాలితో తొక్కొద్దు. చుట్టూ పళ్లెంలా పాదు చేసి వేరుశనగ తొక్కలు నాలుగు అంగుళాల మందం పరవండి. మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదలాలి, లేకపోతే చెదలు పడతాయి.

మొదటి నెల నీళ్లు మొదలు దగ్గరే, ముద్ద మీదే పోయండి, వాన లేకపోతే రోజు విడిచి రోజు. రెండో నెల నుంచి జానెడు జరిగి, ఆపైన ఇంకా జరిగి, వారానికి రెండుసార్లు, పోసినప్పుడల్లా ఒక నిండు బకెట్. రోజూ చెంబెడు పోస్తే వేరు పైకే వస్తుంది.

ఆ నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. వేసవిలో మా బోర్లు ఉప్పగా మారతాయి. ఇసుక కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద పలచని పొరలా నిలుస్తాయి, లోతు బోరు ఆ పొరను దాటి ఉప్పును లాగుతుంది. మన పెద్దవాళ్లు దొరువులు, అంటే లోతు లేని నీటిగుంటలు, తవ్వి పైపొర నీళ్లే తోడుకున్నది ఇందుకే. పెరట్లో చోటుంటే చిన్న దొరువు తవ్వించుకోండి.

సముద్రం వైపు మొదటి ఏడాది తాటాకు దడి కట్టండి. గాలి కాస్త దూరేలా సందులు ఉండాలి. గట్టిగా మూసేస్తే గాలి పైనుంచి దూకి మొక్కను ఇంకా ఎక్కువ కుదుపుతుంది. ఊతకర్రకు మొక్కను వదులుగా, పాత చీర పీలికతో, ఎనిమిది ఆకారంలో కట్టండి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా పెరట్లో ప్లాస్టిక్ తాడుతో బిగించి కట్టిన రెండు కానుగలు కట్టు దగ్గర విరిగాయి. వదులుగా కట్టినవి ఒరిగి, వారంలో లేచాయి. తుపాను వెలిసిన రోజే ఆకుల మీద మంచినీళ్లు చల్లి ఉప్పు కడిగేయండి, ఆలస్యమైతే అంచుల నుంచి మాడిపోతాయి.

మార్చిలో కానుగ ఆకు రాలుస్తుంది. చచ్చిపోయిందని పీకేయకండి. కొమ్మ బెరడు గోటితో గీయండి, పచ్చగా ఉంటే బతికే ఉంది. ఏప్రిల్‌లో లేత చిగురు కమ్ముకుందంటే వేరు ఇసుకలోకి దిగినట్టే. దడి మాత్రం వానలు వచ్చేదాకా ఉంచండి. రెండో వేసవి వారానికి ఒక్క బకెట్ చాలు. మూడో ఏడు ఆపేయండి.