పురుషుల డబుల్స్ టేబుల్ టెన్నిస్: ప్రాంతీయ పోటీలకు జోడీని సిద్ధం చేసుకునే విధానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కళాశాలల పోటీలకో, ఉద్యోగుల క్రీడలకో జట్టును పంపేటప్పుడు, సింగిల్స్‌లో బాగా ఆడే ఇద్దరి పేర్లనే డబుల్స్‌కు కూడా రాసి పంపడం మామూలుగా జరిగే పని. ఆ ఇద్దరూ ఎంత మంచి ఆటగాళ్లైనా, ఒకరి బంతి తర్వాత మరొకరు కొట్టి తీరాలన్న నియమం సింగిల్స్‌లో లేదు కనుక, కలిసి సాధన చేయకుండా వెళితే మొదటి రౌండ్‌లోనే ఒకరినొకరు ఢీకొంటారు. వరుస తప్పి బంతిని తాకితే పాయింటు నేరుగా ఎదుటి జోడీకి వెళుతుంది. అందువల్ల డబుల్స్ సాధన స్ట్రోక్‌లతో కాక వరుసతోనూ కాళ్ల కదలికతోనూ మొదలు కావాలి.

కుడిచేతి, ఎడమచేతి ఆటగాళ్లు దొరికితే ఆ జోడీని వదులుకోకూడదు. కుడిచేతివాడు ఎడమ పక్కకు, ఎడమచేతివాడు కుడి పక్కకు తప్పుకుంటే చాలు, ఒకరి దారికి మరొకరు అడ్డురారు. ఇద్దరూ కుడిచేతివాళ్లే అయినంత మాత్రాన నిరాశ పడనక్కరలేదు. భారత టేబుల్ టెన్నిస్ ఆటగాళ్లు శరత్ కమల్, సత్యన్ ఇద్దరూ కుడిచేతివాళ్లే, అయినా 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల డబుల్స్ రజతాలు సాధించారు. అటువంటి జోడీలో బంతి కొట్టినవాడు వెంటనే వెనక్కి, పక్కకు జరిగి, భాగస్వామి వెనుక నుంచి చుట్టివచ్చి తన వంతుకు ముందుకు చేరాలి. ఈ తిరుగుడును మొదట బంతి లేకుండా, తర్వాత శిక్షకుడు వరుసగా బంతులు అందిస్తుండగా అలవాటు చేసుకోవాలి. భాగస్వామి ముందు నుంచి దాటే అలవాటు ఉన్నవాడికి దాన్ని మాన్పించడానికే ఎక్కువ సమయం పడుతుంది.

డబుల్స్‌లో సర్వీస్ ముందుగా తన వైపు కుడి సగంలో, తర్వాత ఎదుటివారి కుడి సగంలో పడాలి. టేబుల్ వెడల్పు 1.525 మీటర్లు కాబట్టి లక్ష్యం సుమారు 76 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. మధ్యనున్న తెల్లగీత కూడా కుడి సగం కిందికే వస్తుంది. బంతి ఎక్కడికి వస్తుందో రిసీవర్‌కు ముందే తెలుసు కనుక పొడవైన సర్వీస్ అతడు దాడి చేయడానికి ఇచ్చిన ఆహ్వానమే అవుతుంది. నెట్‌కు దగ్గరగా, తక్కువ ఎత్తులో, వీలైనంత వరకు మధ్యగీత వైపు పడే సర్వీస్‌ను ఒక్కటైనా గట్టిగా నేర్చుకోవాలి. ఏ సర్వీస్ చేయబోతున్నాడో భాగస్వామికి టేబుల్ కింద వేలి సైగతో చెప్పడం తప్పనిసరి, ఎందుకంటే తర్వాతి బంతి ఆడవలసినవాడు అతడే. సర్వీస్ తర్వాత బంతి అటూ ఇటూ సాగే ర్యాలీలో మాత్రం, ఇప్పుడే బంతి కొట్టి ఇంకా పక్కకు తప్పుకోని ఎదుటి ఆటగాడు ఉన్న చోటికే బంతిని తిరిగి పంపితే, అతడి భాగస్వామికి దారి దొరకదు.

అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది టాస్. మొదటి గేమ్‌లో (గేమ్ అంటే మ్యాచ్‌లో 11 పాయింట్ల భాగం) సర్వ్ చేసే జోడీ తమలో ఎవరు సర్వ్ చేస్తారో ముందుగా చెబుతుంది. దాన్ని చూసి రిసీవ్ చేసే జోడీ తమలో ఎవరిని నిలబెట్టాలో నిర్ణయించుకుంటుంది. అంటే ఎవరి బంతిని ఎవరు ఆడాలన్నది రిసీవ్ చేసే జోడీ చేతిలోనే ఉంటుంది. రెండో గేమ్ నుంచి, సర్వ్ చేసేది ఎవరైనా, క్రితం గేమ్‌లో అతడికి సర్వ్ చేసినవాడే రిసీవ్ చేయాలి కనుక వరుస తిరగబడుతుంది. ఐదు గేమ్‌ల మ్యాచ్‌లో మొదటి, మూడో గేమ్‌లు ఒక వరుసలోనూ, రెండో, నాలుగో గేమ్‌లు మరో వరుసలోనూ నడుస్తాయి. ఐదో గేమ్ మొదటి వరుసతోనే ఆరంభమైనా, ఏదో ఒక జోడీ 5 పాయింట్లకు చేరగానే జోడీలు టేబుల్ వైపులు మారి, అప్పుడు రిసీవ్ చేయవలసిన జోడీ తమ రిసీవింగ్ క్రమాన్ని మార్చుకోవాలి.

టాస్ గెలిస్తే రిసీవ్ కోరుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఎదుటివారిలో బలహీనుడి బంతులు మన దాడి చేసే ఆటగాడికి వచ్చేలా వరుసను కుదుర్చుకోవచ్చు. ఎదుటి జోడీ కొత్తదైతే వారి ముందటి మ్యాచ్ చూడాలి. అది కుదరకపోతే మ్యాచ్‌కు ముందు ఇచ్చే రెండు నిమిషాల ప్రాక్టీస్‌లోనైనా ఎవరి బంతి ఎక్కువగా తిరుగుతోందో గమనించాలి. అయితే చివరి గేమ్‌లో 5 తర్వాత వచ్చే భాగమే సాధారణంగా పొడవైనది, అది మనకు నచ్చని వరుసలో సాగుతుంది. కాబట్టి ఆ వరుసలోనూ సాధన చేసి ఉండాలి. ఒక్కో జోడీకి మ్యాచ్ మొత్తానికి దొరికే ఒకే ఒక్క టైమ్‌అవుట్‌ను సాధ్యమైనంత వరకు అక్కడి కోసం దాచుకోవాలి.

పోటీ విజయనగరంలో జరిగినా, శ్రీకాకుళంలో జరిగినా మన తీరప్రాంతపు ఉక్కను లెక్కలోకి తీసుకోవాలి. చెమటకూ తేమకూ బ్యాట్ మీది రబ్బరు పట్టు తగ్గి స్పిన్ సర్వీస్ నెట్‌లో పడుతుంది. ప్రతి 6 పాయింట్లకూ తువ్వాలు వాడుకునే అవకాశం ఉంటుంది కనుక ఆ సమయంలో ముఖంతో పాటు బ్యాట్‌నూ తుడుచుకోవాలి. బంతి బరువు 2.7 గ్రాములే కాబట్టి హాలులోని ఫ్యాన్ల గాలి దాన్ని ఎటు తోస్తోందో ముందే చూసుకోవాలి. తెల్లబంతితో ఆడేటప్పుడు తెల్ల చొక్కా పనికిరాదు. రైలులో శ్రీకాకుళం వచ్చేవారు దిగవలసిన శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి పట్టణానికి చేరే సమయాన్ని కూడా కలుపుకొని బయలుదేరాలి. అనేక క్రీడలు కలిసి జరిగే చోట ఒకే ఆటగాడి పేరు వాలీబాల్‌లోనూ రాసి ఉంటే, రెండు ఆటల వేళలూ కలిసే ప్రమాదాన్ని నిర్వాహకులకు ముందురోజే తెలియజేయాలి.

సర్వీస్ లేదా రిసీవ్ క్రమంలో పొరపాటు జరిగితే, దాన్ని గమనించిన వెంటనే అంపైర్ ఆట ఆపి క్రమాన్ని సరిదిద్దుతాడు గానీ అప్పటివరకు వచ్చిన పాయింట్లన్నీ చెల్లుతాయి. అంపైర్ కొత్తవాడైనప్పుడు ఇది తేలికగా జరిగిపోతుంది. అందువల్ల మొదటి గేమ్‌లో ఎవరు ఎవరికి సర్వ్ చేశారో జట్టు వెంట ఉన్నవారు ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, ప్రతి గేమ్‌కు ముందూ ఆటగాళ్లకు చూపించాలి. అనుమానం వస్తే బంతి గాలిలోకి లేవకముందే ఆటగాడు చెయ్యెత్తి అంపైర్‌ను అడగాలి.