కారు డోర్ రబ్బరుకు నూనె రాయకండి

కారు డోర్ల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌ను చాలామంది అది చిరిగేదాకా పట్టించుకోరు. వాన నీళ్లు లోపలికి కారడం, స్పీడులో గాలి ఈల వేయడం, డోర్ తీస్తుంటే అతుక్కున్నట్టు చప్పుడు రావడం చాలావరకు దాని పుణ్యమే.

ముందు తడి గుడ్డతో మడతల్లోకి వేలు పెట్టి తుడవండి. పైకి శుభ్రంగా కనిపించినా గుడ్డకు నల్లటి మట్టి అంటుతుంది. ఆ ఇసుకే డోర్ వేసిన ప్రతిసారీ రబ్బరును గీకేస్తుంది. మురికి వదలకపోతే కొద్దిగా షాంపూ నీళ్లు చాలు. తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి.

అసలు జాగ్రత్త ఇక్కడే. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్, వాజెలిన్, కిరోసిన్ రాయొద్దు. ఈ బీడింగ్ ఎక్కువగా ఈపీడీఎమ్ అనే రబ్బరుతో చేస్తారు. ఎండకు, వానకు బాగా తట్టుకుంటుంది కానీ పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. రాసిన రోజు నిగనిగలాడుతుంది కాబట్టి మోసపోతాం. సిలికాన్ స్ప్రేనో, సిలికాన్ గ్రీజో వాడండి. స్ప్రేను నేరుగా కొట్టకుండా గుడ్డ మీద కొట్టి పల్చగా రుద్దండి, లేదంటే అద్దాల మీద పడి జిడ్డు మరకలు కడతాయి. మూడు నాలుగు నెలలకోసారి చేస్తే సరిపోతుంది.

బీడింగ్ పట్టు చూడాలంటే ఒక కాగితం ముక్క పెట్టి డోర్ వేసి లాగండి. కాస్త బిగువుగా రావాలి. ఏ అడ్డూ లేకుండా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు అణిగిపోయి ఉండొచ్చు, లేదా క్లిప్పు నుంచి ఊడి ఉండొచ్చు. ఊడిందైతే వేలితో నొక్కితే మళ్లీ కూర్చుంటుంది.