చిన్న పిల్లలతో పరాయి దేశంలో కాపురం: ముందు ఏది, తర్వాత ఏది

విమానం దిగిన వారంలోనే ఇల్లంతా సర్దేయాలని కూర్చుంటే తలప్రాణం తోకకొస్తుంది, అందుకే ముందే చెప్పేస్తున్నా: చిన్న పిల్లలతో కొత్త దేశం వెళ్లినప్పుడు మొదట కావాల్సినవి మూడే. పిల్లలు ప్రశాంతంగా పడుకునే చోటు, మీ ఇద్దరి పేర్ల మీద ఒక అడ్రస్, అర్ధరాత్రి జ్వరమొస్తే ఎటు పరుగెత్తాలో తెలిసి ఉండటం. సోఫా, కర్టెన్లు, టీవీ స్టాండు లాంటివి మూడో నెలలో కొనుక్కున్నా కొంపేం మునగదు.

అసలు పని బయల్దేరక ముందే మొదలవుతుంది. అందరి సర్టిఫికెట్లూ ఒకచోట పరిచి పేర్లు అక్షరం అక్షరం సరిచూడండి. పుట్టిన సర్టిఫికెట్‌లో పాప పేరు అసలు రాసి ఉందా (పేరు పెట్టకముందే రిజిస్టర్ చేయించి, ఆ గడి అలాగే ఖాళీగా వదిలేసేవాళ్లు బోలెడుమంది), తల్లి పేరు అందులో ఒకలా పాస్‌పోర్టులో ఇంకోలా ఉందా, ఒకచోట పొడి అక్షరం ఇంకోచోట పూర్తి పేరు పడిందా. ఇప్పుడైతే మీరే తిరిగి చేయించుకోగలరు, దేశం దాటాక ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. పుట్టిన, పెళ్లి సర్టిఫికెట్లకు అపోస్టిల్ (పత్రం అసలైనదేనని మన ప్రభుత్వం వేసే ముద్ర) అడుగుతారేమో కనుక్కోండి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉంటే సాధారణంగా ఆ ఒక్క ముద్రతో సరిపోతుంది, లేకపోతే వెళ్లే దేశపు ఎంబసీ ధ్రువీకరణ దాకా నడవాలి, దానికి టైం పడుతుంది. ఒరిజినల్స్ చేతిలో ఉండే బ్యాగులోనే పెట్టుకోండి, స్కాన్ కాపీలు ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.

పిల్లల టీకాల కార్డు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చేతిరాత కార్డు పరాయి దేశంలో నర్సుకి అర్థం కాదు, పైగా 03/04 అని ఉంటే అది ఏప్రిల్ 3 అని మనం అనుకుంటాం, కొన్ని దేశాల్లో మార్చి 4 అని చదువుతారు. మీ పిల్లల డాక్టర్ చేత ఒక్క పేజీ టైప్ చేయించి, నెలల పేర్లు అక్షరాల్లో రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. ఏడాది నిండకముందు వేసిన మీజిల్స్ టీకాని చాలా దేశాలు లెక్కలోకి తీసుకోవు, మళ్లీ వేస్తామంటారు, అందులో భయపడాల్సిందేమీ లేదు. బీసీజీ వేయించుకున్న పిల్లలకు చర్మం మీద చేసే టీబీ పరీక్షలో పాజిటివ్ రావచ్చు. అలా వస్తే గుండెలు బాదుకోకుండా రక్తపరీక్ష సంగతి డాక్టర్‌ని అడగండి, దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు.

ఇల్లు. ఫొటోలు బాగున్నాయని, అద్దె తక్కువని, చూడని ఇంటికి ఇక్కణ్నుంచే అడ్వాన్స్ పంపకండి, చాలా అద్దె మోసాలు సరిగ్గా ఇలాగే జరుగుతాయి. మొదట కొన్ని వారాలు తాత్కాలికంగా ఎక్కడైనా దిగి, ఈలోగా కళ్లతో చూసి తేల్చుకోండి. చాలాచోట్ల ఏ వీధిలో ఉంటే ఏ బడి అన్నది ముందే నిర్ణయించి ఉంటుంది కాబట్టి ముందు బడి, ఆ తర్వాత ఇల్లు. చూడ్డానికి పిల్లల్ని, వాళ్ల స్ట్రోలర్‌ని వెంటేసుకుని వెళ్లండి. లిఫ్ట్‌లో అది పడుతుందా, బస్‌స్టాప్ దాకా ఫుట్‌పాత్ ఉందా, మెట్ల మీద దాన్ని ఒక్క చేత్తో లాగగలరా అన్నది ఫొటోల్లో తెలియదు.

తాళాలు చేతికొచ్చిన రోజు సామాను లోపల పెట్టకముందే ప్రతి గదీ వీడియో తీయండి. గోడ మీద గీతలు, కార్పెట్ మరక, సింక్ కింద తడి, కిటికీ గొళ్లెం, మీటర్ రీడింగ్ అన్నీ తీసి అదే రోజు ఇంటి ఓనర్‌కి ఈమెయిల్ చేస్తే, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ గొడవ సగం అక్కడే తీరిపోతుంది. అద్దె అగ్రిమెంట్‌లో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించండి, కరెంటు బిల్లో నెట్ బిల్లో ఏదో ఒకటి ఉద్యోగం చేయని వాళ్ల పేరు మీద తీసుకోండి. ఎందుకంటే కొత్తగా వెళ్లినవాళ్లని బ్యాంకు వాళ్లు అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, ఇల్లిచ్చేవాళ్లు బ్యాంకు అకౌంట్ అడుగుతారు, ఈ చక్రంలో పడి తిరిగేవాళ్లు చాలామంది. కంపెనీ ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్, తాత్కాలికంగా దిగిన చోటు రసీదు పట్టుకుని, కొత్తగా వచ్చినవాళ్లకి విడిగా అకౌంట్ ఉందా అని బ్యాంకులో నేరుగా అడగండి, చాలాచోట్ల ఉంటుంది.

మంచాలు బిగించకముందే చేయాల్సిన పని ఒకటుంది: వేడినీళ్లు. కొళాయిలో నీళ్లు 60 డిగ్రీలుంటే పెద్దవాళ్ల చర్మమే ఐదు సెకన్లలో తీవ్రంగా కాలిపోతుంది, పిల్లలకి అంత సేపు కూడా పట్టదు. హీటర్ సెట్టింగ్‌ని 49 దగ్గర పెట్టండి, అది మీ చేతిలో లేకపోతే ఓనర్‌ని అడగండి. పొడవాటి బీరువాలు, డ్రాయర్లు గోడకి బిగించండి. రెండేళ్ల పిల్లాడికి తెరిచిన డ్రాయర్ అంటే మెట్టే, ఎక్కేస్తాడు, అది మీద పడుతుంది. కిటికీ బ్లైండ్ల తాళ్లు మెడకి చుట్టుకుంటాయి, పైకి ముడేసి అందకుండా పెట్టండి. గ్యాస్ హీటర్ ఉన్న ఇంట్లో చలికని కిటికీలన్నీ మూసేస్తాం, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, కాబట్టి దాని అలారం ఉందా, బటన్ నొక్కితే మోగుతోందా అని మొదటి రోజే చూడండి.

సామాన్లు తెచ్చుకునేటప్పుడు ప్రతి చార్జర్ వెనకా చిన్న అక్షరాల్లో ఉండే లైన్ చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. 230 అని మాత్రమే ఉంటే 120 వోల్టులుండే అమెరికాలోనో 100 ఉండే జపాన్‌లోనో అది సరిగ్గా పనిచేయదు. మిక్సీ, ఇస్త్రీ పెట్టె మోసుకెళ్లేవాళ్లు ఈ లైన్ చదవకే మోసుకెళ్తారు.

మొదటి రాత్రులు కష్టంగానే ఉంటాయి. శరీరం సుమారుగా రోజుకో గంట తేడా చొప్పున సర్దుకుంటుంది, తూర్పు వైపు ప్రయాణం చేస్తే ఇంకాస్త మొండికేస్తుంది. అర్ధరాత్రి మూడింటికి పిల్లలు లేచి ఆడుకుందాం అంటే లైట్లన్నీ వేయకండి, ఫోన్ ఇవ్వకండి, మసక వెలుతురులో పుస్తకమో బొమ్మో ఇచ్చి పక్కన కూర్చోండి. పొద్దున్నే ఎంత నిద్రమత్తుగా ఉన్నా ఎండలోకి తీసుకెళ్లండి, మందులకన్నా ఇదే నయం. పాత ఇంట్లో వాడిన దుప్పటి ఉతక్కుండా తెచ్చి కొత్త మంచం మీద వేయండి, ఆ వాసనకే చాలామంది పిల్లలు పడుకుంటారు. అది సూట్‌కేసులో కాదు, విమానంలో మీ దగ్గరే ఉండాలి.

డాక్టర్ దగ్గర పేరు నమోదు చేయించుకోవడం అందరూ బాగున్నప్పుడే చేయాలి, జ్వరం వచ్చాక ఫారాలు నింపే ఓపిక ఉండదు. ఇన్సూరెన్స్ ఏ తేదీ నుంచి మొదలవుతుందో కాగితం మీద చూసుకోండి, ఉద్యోగంలో చేరిన రోజునుంచే అని అనుకోకండి. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి: ఆ దేశపు ఎమర్జెన్సీ నంబర్ (అమెరికా, కెనడాల్లో 911, యూరప్ దేశాల్లో 112, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000), మీ ఇంటి పూర్తి అడ్రస్, పిల్లల బరువు, పడని మందులు. అడ్రస్ ఎందుకంటే, కంగారులో కొత్త అడ్రస్ నోటికి రాదు. ఇంకో మాట, మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికా, కెనడాల్లో ఎసిటమినోఫెన్ అంటారు. పిల్లల సిరప్ సీసాల్లో మందు గాఢత కూడా దేశానికోలా ఉంటుంది, కాబట్టి "మేము ఎప్పుడూ ఐదు ఎంఎల్ పోస్తాం" అన్న లెక్క పనికిరాదు. ఒక ఎంఎల్‌లో ఎన్ని మిల్లీగ్రాములో చదివి, బరువుని బట్టి డోసు ఎంతో ఫార్మసీలో అడిగి పోయండి.

బడిలో వేసిన మొదటి వారాల్లో, ఒక్కోసారి నెలల పాటు, పిల్లలు నోరు విప్పకపోవచ్చు. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో మౌనంగా ఉంటే అది చాలా మామూలు సంగతి, వినడం మాత్రం జరుగుతూనే ఉంటుంది. బడికి ముందు నీళ్లు, టాయిలెట్, నొప్పి, సాయం అనే నాలుగు మాటలు అక్కడి భాషలో నేర్పండి, చాలు. టీచర్ చెప్పారనో, పక్కవాళ్లు అన్నారనో ఇంట్లో మీ భాష మానేయకండి, కొత్త భాషకి అదేం అడ్డు కాదు.

ఇక ఎక్కువమంది పట్టించుకోనిది ఇంట్లో ఉండే మనిషి సంగతి. ఒకరు పొద్దున్నే ఆఫీసుకెళ్లి పదిమందితో మాట్లాడి వస్తారు. రెండోవాళ్లకి భాష రాదు, దారులు తెలియవు, వీసా మీద పని చేయొచ్చో లేదో కూడా సరిగ్గా తెలియదు, పగలంతా ఇద్దరు పిల్లలతో నాలుగు గోడలు. మొదటి నెలలోనే వాళ్ల పేరు మీద సొంత సిమ్, సొంత బ్యాంకు కార్డు తీసుకోండి. ఓటీపీలన్నీ ఒక్కరి ఫోన్‌కే వస్తే, ఆ ఒక్కరు మీటింగ్‌లో ఉన్న ప్రతిసారీ ఇక్కడ మందుల బిల్లు కూడా ఆగిపోతుంది. డ్రైవింగ్ లైసెన్స్‌కి ఇద్దరూ ఒకేసారి దరఖాస్తు చేయండి, "ముందు నాది, తర్వాత నీది" అంటే ఆ తర్వాత రాదు. లైబ్రరీల్లో చిన్న పిల్లలకి కథలు చెప్పే గంట చాలాచోట్ల ఉచితమే, వారానికి ఒకే రోజు, ఒకే టైంకి వెళ్తూ ఉంటే అవే మొహాలు కనిపించి పరిచయాలవుతాయి. శనివారం పిల్లల బాధ్యత ఆఫీసుకెళ్లే మనిషిది, రెండోవాళ్లు ఒంటరిగా బయటికెళ్లాలి, ఆ టైంలో "డైపర్లు ఎక్కడున్నాయి" అని ఫోన్ చేయకూడదు.

చివరగా తేదీలు. పిల్లల పాస్‌పోర్టుకి గడువు సాధారణంగా పెద్దవాళ్లదానికన్నా తక్కువ, పాస్‌పోర్టు గడువుకి మించి వీసా పొడిగించని దేశాలున్నాయి. అందరి పాస్‌పోర్టులు, వీసాలు, అద్దె అగ్రిమెంట్, ఇన్సూరెన్స్ ముగిసే తేదీలన్నీ ఇద్దరి ఫోన్ క్యాలెండర్లలో ఎక్కించండి, రిమైండర్ మాత్రం గడువు రోజుకి కాదు, తొమ్మిది నెలల ముందుకి పెట్టండి.