వీహెచ్‌ఎఫ్ రేడియో బిగింపు, 4వ పాఠం: యాంటెన్నా లేకపోయినా పాసయ్యే పరీక్ష

ఈ పాఠంలో పడవలో రేడియో సెట్టు బిగించి, వైర్లు కలిపి, ఎంఎంఎస్‌ఐ నంబరు (రేడియోలో పడవను గుర్తుపట్టే నంబరు) ఎక్కించేద్దాం అనుకున్నాను. మూడో పాఠం తర్వాత వచ్చిన ప్రశ్నలు చూశాక అవన్నీ చివరికి జరిగాయి. ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే: "ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 చూపిస్తోంది, అయినా నాలుగు మైళ్ల అవతల పడవకు మా మాట వినపడటం లేదు. సెట్టు పాడైందా?" (ఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె. 1కి దగ్గరగా ఉంటే తక్కువ తిరిగొస్తున్నట్టు.)

సెట్టు జోలికి పోకండి. దాదాపు ప్రతిసారీ దోషం సెట్టు నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్‌దే.

ముందు చిన్న సందేహం ఒకటి తీర్చేస్తాను. యాంటెన్నా కనెక్టర్‌లో మధ్య పిన్నుకీ బయటి లోహానికీ మల్టీమీటర్ పెడితే షార్ట్ చూపిస్తోందని కొందరు కంగారుపడ్డారు. చాలా మెరైన్ యాంటెన్నాల అడుగున ఒక కాయిల్ ఉంటుంది. బ్యాటరీ కరెంటుకు అది షార్ట్‌లాగే కనిపిస్తుంది, రేడియో తరంగాలకు కాదు. టెన్షన్ వద్దు. కేబుల్‌ని పరీక్షించాలంటే యాంటెన్నా విప్పి పరీక్షించండి.

ఇక అసలు సంగతి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ చూసేది ఎంత పవర్ వెళ్లింది, అందులో ఎంత వెనక్కి వచ్చింది అన్నదే. వెనక్కి రానిదంతా గాల్లోకి వెళ్లినట్టు కాదు. దారిలో కేబుల్ తినేసినా వెనక్కి రాదు కదా! మీటర్‌కు రెండూ ఒకటే.

లెక్క వేద్దాం. నీరు పట్టి, 6 డెసిబెల్ నష్టంతో (అంటే పవర్‌లో నాలుగో వంతే అవతలికి చేరేలా) ఉన్న కేబుల్ అనుకోండి. రేడియో పంపే 25 వాట్లలో మాస్ట్ (తెరచాప స్తంభం) కొసకు చేరేది సుమారు 6. అక్కడ యాంటెన్నా ఊడిపోయి ఉంది. ఆ 6 వాట్లూ వెనక్కి తిరుగుతాయి. కిందికి వచ్చేసరికి మళ్లీ నాలుగో వంతే, అంటే ఒకటిన్నర వాటు మిగులుతుంది. పంపింది 25, తిరిగొచ్చింది 1.5. మీటర్ ముల్లు 1.7 దగ్గర ఆగుతుంది. 2 లోపు ఉంటే చాలని అందరూ చెబుతారు కదా, యాంటెన్నా లేకుండానే పాసైపోయారు! పాత కేబుల్‌కి మీటర్ పెట్టి "బ్రహ్మాండంగా ఉంది" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది ఇందుకే.

కేబుల్ కొత్తదైనా పలచనిదైతే తినేస్తుంది. 20 మీటర్ల పొడవుకు ఆర్‌జీ-58 అనే సన్న రకం సుమారు 4 డెసిబెల్ మింగుతుంది, అంటే పైకి చేరేది 10 వాట్లు. ఆర్‌జీ-8ఎక్స్ అయితే సగం చేరుతుంది. లావు రకం ఆర్‌జీ-213లో 16 వాట్ల పైనే. నా ఓటు ఎప్పుడూ 213కే. లావు, బరువు, వంచడం కష్టం, పందేలకు వెళ్లేవాళ్లు మాస్ట్‌లో అంత బరువా అని మొహం చిట్లిస్తారు. చిట్లించనీయండి.

నీరు చేరేది ఎక్కువగా కేబుల్ కొసన ఉండే పీఎల్-259 కనెక్టర్ దగ్గర. దానంతట అది నీటిని ఆపదు. తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టండి. లోపలి అల్లిక నల్లబడి ఉంటే రాగి మెరుపు కనిపించేదాకా కోసుకుంటూ వెళ్లాలి. అందుకే మాస్ట్ అడుగున మూరెడు కేబుల్ అదనంగా చుట్టి ఉంచుతాను. నల్లబడ్డ మేర కోసేసి కొత్త కనెక్టర్ వేయడానికి పొడవు మిగలాలి.

ఇప్పుడు బిగింపు. చుక్కాని దగ్గర నిలబడ్డవాళ్లకు వినిపించే చోటు చూడండి. స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, కంపాస్‌కు ఎంత దూరంలో పెట్టాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. 25 వాట్లలో మాట్లాడేటప్పుడు సెట్టు 5, 6 ఆంపియర్లు లాగుతుంది. మైకు మీట నొక్కగానే తెర మసకబారితే వైరు సన్నదని అర్థం. ఫ్యూజు మాన్యువల్ చెప్పినదే. జీపీఎస్ సెట్టులోనే లేకపోతే బయటిది కలపండి, లేదంటే డిస్ట్రెస్ (ఆపద) బటన్ నొక్కినా మీరెక్కడున్నారో అందులో దానంతట అది వెళ్లదు.

ఎంఎంఎస్‌ఐలో 9 అంకెలు. చాలా సెట్లు ఒకటి రెండుసార్లే ఎక్కించనిస్తాయి, ఆ తర్వాత డీలర్ దగ్గరికి పోవాల్సిందే. ఒకరు చదవండి, ఇంకొకరు నొక్కండి.

అభ్యాసం ఈసారి కాస్త కష్టమే.

మాస్ట్ ఎక్కి యాంటెన్నా విప్పండి, కేబుల్ కొసను ఖాళీగా వదిలేయండి. కింద 1 వాటులో, ఎవరూ వాడని పనుల ఛానెల్‌లో క్షణం పాటు మీట నొక్కి మీటర్ చూడండి (16, 70 ఆపద కాల్స్ ఛానెళ్లు, వాటిని ముట్టుకోవద్దు). ముల్లు ఘోరంగా చూపించాలి. 20 మీటర్ల మంచి 213 అయితే 5 దరిదాపుల్లో ఉంటుంది. 2 లోపు కనిపిస్తే కేబుల్ మార్చండి. తర్వాత పైకొసన వాట్‌మీటరూ డమ్మీ లోడూ (యాంటెన్నా బదులు పవర్‌ను తీసుకునే నిరోధకం) పెట్టి 25 వాట్లలో ఎన్ని చేరుతున్నాయో రాసుకోండి.

యాంటెన్నా మళ్లీ బిగించాక, తెలిసిన పడవతో 1 వాటులో మాట్లాడుతూ దూరం పెంచుకుంటూ పోండి. పడవ ఎడమకు ఒరిగినప్పుడు ఒకసారి, కుడికి ఒరిగినప్పుడు ఒకసారి. రెండు యాంటెన్నాల ఎత్తులకూ మీటర్లలో విడివిడిగా వర్గమూలం తీసి, ఒక్కోదాన్నీ 2.25తో గుణించి కలపండి: మీకు అందాల్సిన నాటికల్ మైళ్లు అవి. రెండూ 16 మీటర్లయితే 18. 25 వాట్లలో కూడా ఆ దూరానికి సగం దగ్గరే మాట ఆగిపోతుంటే, ఐదో పాఠానికి ముందు నాకు పైకొసన వచ్చిన వాట్ల అంకె పంపండి. ఎస్‌డబ్ల్యూఆర్ అంకె పంపొద్దు.