సైకాలజీలో పీజీ, పీహెచ్‌డీ: స్కాలర్‌షిప్ ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ చేజారుతుంది

సైకాలజీ పేరు పెట్టుకున్న స్కాలర్‌షిప్‌లు మన దేశంలో దాదాపు లేవు. అందుకే ఆ పేరుతో వెతికేవాళ్లు రెండు మూడు రోజులకే విసిగిపోయి ఇక ఏమీ లేవనుకుంటారు. నిజానికి డబ్బు మూడు వైపుల నుంచి వస్తుంది. కుటుంబ ఆదాయం, సామాజిక వర్గం చూసి ప్రభుత్వం ఇచ్చేది ఒకటి. మార్కులో, పోటీ పరీక్షలో ర్యాంకో చూసి ఇచ్చేది రెండోది. మీరు చేరబోయే డిపార్ట్‌మెంటు తన పరిశోధన పని కోసం ఇచ్చేది మూడోది. సైకాలజీ విద్యార్థికి పెద్ద మొత్తాలు వచ్చేది చివరి రెండింటి నుంచే. కానీ మనవాళ్లు మొదటి దాని దగ్గరే ఆగిపోతారు.

వెతకడానికి ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మీకు క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు కావాలా, పరిశోధన కావాలా? పరిశోధన దారిలో ఫెలోషిప్‌లు ఎక్కువ. ప్రాక్టీసు దారిలో రీహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న కోర్సే చేయాలి, ప్రైవేటులో దాని ఫీజు లక్షల్లో ఉంటుంది, సాయం తక్కువ. బెంగళూరు నిమ్హాన్స్ వంటి కేంద్ర సంస్థల్లో క్లినికల్ ట్రైనీలకు స్టైపెండ్ ఉంటుంది, కాబట్టి ప్రవేశ పరీక్ష కష్టమైనా ముందు అక్కడే ప్రయత్నించాలి. క్లినికల్ ప్రాక్టీసు కోసం ఇన్నాళ్లూ చేస్తూ వచ్చిన కోర్సు ఎం.ఫిల్. యూజీసీ 2022 నిబంధనలతో దాన్ని ఎత్తేసి, క్లినికల్ సైకాలజీకి మాత్రం గడువు పొడిగిస్తూ వచ్చింది. ఫీజు కట్టే ముందు ఆ కోర్సు, ఆ కాలేజీ, ఆ విద్యా సంవత్సరం మూడూ ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి.

ఇంకో హెచ్చరిక. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది. ఇక మీదట రెగ్యులర్ సీటే దిక్కు. స్కాలర్‌షిప్‌లన్నీ ఎలాగూ రెగ్యులర్ వాళ్లకే.

పీజీ దశలో

తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ రాసి కన్వీనర్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేయవచ్చు. తెలంగాణకు ఈపాస్, ఆంధ్రకు జ్ఞానభూమి పోర్టల్. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ తీసుకున్నవాళ్లకు ఇది రాదు. సీటు వచ్చిందన్న తొందరలో స్పాట్‌లో చేరిపోయాక ఈ సంగతి తెలిసి బాధపడేవాళ్లు ఏటా ఉంటారు. హాజరు 75 శాతం తగ్గకూడదు.

దీనికంటే మెరుగైనది యూజీసీ నేషనల్ స్కాలర్‌షిప్ ఫర్ పీజీ స్టడీస్. నెలకు 15,000 రూపాయలు, ఏడాదికి 10 నెలలు, రెండేళ్లు. దేశం మొత్తానికి 10,000 మందికి ఇస్తారు. ఎంపిక డిగ్రీ మార్కులను బట్టి, వయసు 30 దాటకూడదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ (ఎన్‌ఎస్‌పీ) ద్వారా పీజీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి, రెండో ఏడాదిలో కొత్తగా చేరే వీలు లేదు. సైకాలజీ విద్యార్థుల్లో చాలామందికి దీని పేరే తెలియదు, అది నిజంగా అన్యాయం. ఒకేసారి రెండు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు తీసుకోకూడదు కాబట్టి ఈపాస్‌తో వచ్చేదాన్నీ దీన్నీ పోల్చి చూసుకుని ఒకటి ఎంచుకోండి.

ఎన్‌ఎస్‌పీలో ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ పూర్తి చేయాలి. ఆ తర్వాత దరఖాస్తును మీ కాలేజీ నోడల్ ఆఫీసరు వెరిఫై చేయాలి. అసలు చిక్కు ఇక్కడే. మీరు గడువులోగా పంపినా, కాలేజీ తన గడువులోగా వెరిఫై చేయకపోతే దరఖాస్తు చచ్చినట్టే. పంపిన రోజే ప్రింటు తీసి, సర్టిఫికెట్ల జిరాక్సులు జతచేసి ఆఫీసులో ఇచ్చి, వారానికోసారి స్టేటస్ చూస్తూ ఉండండి. దరఖాస్తును లోపముందని వెనక్కి పంపితే దాన్ని సరిదిద్దడానికి దొరికేది కొద్ది రోజులే.

సర్టిఫికెట్లు

అర్హత ఉండి కూడా పోగొట్టుకునేది ఎక్కువగా కాగితాల దగ్గరే, కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్, కేంద్రం అడిగే ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ రెండూ వేరు. బీసీ-ఏ, బీ, డీ అని ఉన్న కాగితాన్ని యూజీసీ నెట్ పరీక్ష దరఖాస్తులో పెడితే చెల్లదు. పైగా రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు. ముందు కేంద్ర జాబితాలో మీ కులం పేరు ఏ అక్షరాలతో ఉందో చూసుకుని, మీసేవలో లేదా గ్రామ, వార్డు సచివాలయంలో కేంద్ర నమూనాలో, చెల్లుబాటయ్యే ఆర్థిక సంవత్సరం తేదీతో తీసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కూ ఇదే జాగ్రత్త.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే పోర్టల్ తిప్పికొడుతుంది. మెమోను మార్చడం కంటే దానికి తగ్గట్టు ఆధార్‌ను మార్చుకోవడం తేలిక. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయితే సరిపోదు, నేరుగా నగదు బదిలీ కోసం ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (మీ ఆధార్‌కు వచ్చే డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే నమోదు) కూడా ఉండాలి. రెండు మూడు ఖాతాలున్నవాళ్ల డబ్బు మ్యాపింగ్ ఉన్న పాత ఖాతాలోకి వెళ్లిపోతుంది, వీళ్లేమో రాలేదని తిరుగుతుంటారు. గ్రేడ్ పాయింట్లను శాతంలోకి మార్చే సూత్రం యూనివర్సిటీ ఇచ్చినదే వాడాలి, సొంతంగా 10తో గుణించి వేయకూడదు.

నెట్, జేఆర్‌ఎఫ్

పరిశోధన చేయాలనుకునేవాళ్లకు మన దేశంలో అన్నిటికంటే గట్టి ఆధారం యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, దాని ద్వారా వచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్). యూజీసీ నెట్‌లో సైకాలజీ కోడ్ 04. ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సెషన్లుగా జరుగుతుంది. పీజీలో 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం ఉండాలి. పీజీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయవచ్చు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులతో పాటు మహిళలందరికీ మరో 5 ఏళ్ల సడలింపు ఉంటుంది. పెళ్లి, పిల్లల వల్ల చదువు ఆగిన అమ్మాయిలకు ఇది తెలియాలి.

జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42,000. మొత్తం అయిదేళ్ల వరకు ఇస్తారు. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం.

మొదటి పేపర్‌లో 50 ప్రశ్నలు, రెండో పేపర్‌లో 100, రెండూ కలిపి మూడు గంటలు. ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ వదలకూడదు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లో మాత్రమే ఉంటుంది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లు పీజీ మొదటి రోజు నుంచే పదజాలాన్ని ఇంగ్లిష్‌లో పక్కన రాసుకుంటూ రావాలి. మనవాళ్లకు మార్కులు పోయేది సాధారణంగా పరిశోధనా పద్ధతులు-స్టాటిస్టిక్స్, సైకలాజికల్ టెస్టింగ్, మెదడు-నాడీ వ్యవస్థకు సంబంధించిన యూనిట్లలో. పర్సనాలిటీ సిద్ధాంతాలు అందరూ బాగానే చదువుతారు, అందుకే అక్కడ తేడా రాదు. అనోవా, ఫ్యాక్టర్ అనాలిసిస్, రిలయబిలిటీ, వాలిడిటీ లెక్కలను కాగితం మీద చేసి అర్థం చేసుకున్నవాళ్లే కటాఫ్ దాటుతారు.

జేఆర్‌ఎఫ్ వచ్చాక ఇంకో గండం ఉంది. అవార్డు లెటర్ మూడేళ్లే చెల్లుతుంది, ఆలోగా పీహెచ్‌డీలో చేరాలి. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ దగ్గర 6గురు, అసిస్టెంట్ దగ్గర 4గురు స్కాలర్లే ఉండాలి. ఫలితాలు రాకముందే ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎవరి దగ్గర ఖాళీ ఉందో కనుక్కోండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హెల్త్ సైకాలజీ, న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ రెండు వేర్వేరు సెంటర్లు, రెండింటినీ చూడాలి. చేరాక కూడా ప్రతి నెలా మీ కొనసాగింపును యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ధ్రువీకరిస్తేనే డబ్బు పడుతుంది. అది చూసే సెక్షన్ ఏదో మొదటి వారంలోనే తెలుసుకోండి.

జేఆర్‌ఎఫ్ రాకపోతే దారి మూసుకుపోదు. 2024 నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికీ పనికొస్తుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 ఉంటుంది. ఎస్సీలకు ఏటా 2,000, ఓబీసీలకు 1,000 జాతీయ ఫెలోషిప్‌లు నెట్ ఆధారంగా వస్తాయి. ఎస్టీలకు 750, వీటికి నెట్ అక్కర్లేదు, పీజీ మార్కులు చూస్తారు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) డాక్టోరల్ ఫెలోషిప్ పరిధిలో సైకాలజీ ఉంది. అప్పటికే పీహెచ్‌డీకి రిజిస్టర్ అయి ఉండాలి, సినాప్సిస్ (మీ పరిశోధన ప్రణాళిక సారాంశం) మీదే అంతా ఆధారపడుతుంది. శాంపిల్ ఎక్కడి నుంచి, ఎంతమంది, ఏ స్కేలు, దానికి తెలుగు అనువాదం ఉందా, లేకపోతే ఎలా చేస్తారు అన్న వివరాలు లేని సినాప్సిస్‌లు మొదటి వడపోతలోనే పోతాయి.

విదేశాలకు

అమెరికాలో మాస్టర్స్‌కు సాధారణంగా మీరే ఖర్చు పెట్టుకోవాలి. మంచి యూనివర్సిటీల పీహెచ్‌డీకి మాత్రం ట్యూషన్ మాఫీ చేసి, టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా స్టైపెండ్ ఇస్తారు. సైడీ (PsyD) అనే ప్రాక్టీసు డాక్టరేట్‌కు అలాంటి సాయం చాలా అరుదు. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే. అక్కడ గ్రీన్‌కార్డున్న తెలుగు కుటుంబాల పిల్లలు ప్రయత్నించవచ్చు, ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లు దాని మీద సమయం పెట్టొద్దు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపున్న ప్రోగ్రాములు ఫీజు, పూర్తి చేయడానికి పట్టే కాలం, మధ్యలో మానేసినవాళ్లు, లైసెన్స్ పొందినవాళ్ల వివరాలను తమ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. కన్సల్టెన్సీ మాట వినేముందు ఆ పట్టిక చదవండి.

ఇంగ్లండ్‌లో చీవ్‌నింగ్ అనే బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఏడాది మాస్టర్స్‌కు పూర్తి ఖర్చు ఇస్తుంది, రెండేళ్ల పని అనుభవం అడుగుతుంది, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అక్కడి క్లినికల్ డాక్టరేట్‌కు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నిధులు స్థానికులను దృష్టిలో పెట్టుకున్నవి, మనం లెక్కలో వేసుకోకూడదు. యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్ నెలకు 1,400 యూరోలు ఇస్తుంది. వలెన్సియా యూనివర్సిటీ సమన్వయంతో నడిచే వర్క్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ కోర్సు ఆ కోవలోదే. ఆ ఏడాది స్కాలర్‌షిప్ సీట్లు ఉన్నాయో లేదో చూడాలి. జర్మనీలో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగ ప్రకటనగా వస్తుంది, జీతం ఇస్తారు. అక్కడ స్కాలర్‌షిప్‌ల కోసం కాదు, ఖాళీల కోసం వెతకండి.

తెలంగాణ విదేశీ విద్యానిధి పథకాలు (ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరుతో, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు వేరుగా) 20 లక్షల వరకు ఇస్తాయి. సోషల్ సైన్సెస్ వాటిలో ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం, వయసు 35 లోపు ఉండాలి. డబ్బు మీరు అక్కడ దిగాక విడతలుగా వస్తుంది కాబట్టి వీసాకు చూపించే సొమ్ము, మొదటి సెమిస్టర్ ఫీజు వేరే సమకూర్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పథకం పేరూ నిబంధనలూ ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి, తాజా జీవో చదివాకే అడుగు వేయండి. జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది అప్పు అని గుర్తుంచుకోండి, తిరిగి కట్టాలి.

పీహెచ్‌డీకి ప్రొఫెసర్‌కు రాసే మెయిల్ పది పన్నెండు వాక్యాలు దాటకూడదు. ఆయన లేదా ఆమె ఇటీవలి పేపర్‌లో ఏ పద్ధతి మీకు ఆసక్తి కలిగించిందో, మీరు ఆర్ (R), జేఏఎస్‌పీ (JASP) వంటి స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఏ విశ్లేషణ చేశారో, ఏ టెస్టులు స్వయంగా నిర్వహించారో చెప్పి, వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా అని సూటిగా అడగండి. సెప్టెంబర్‌లో రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే సైకాలజీ పీహెచ్‌డీ గడువులు చాలావరకు డిసెంబర్ మొదట్లోనే ముగుస్తాయి. రికమెండేషన్ లెటర్లు ఇచ్చే మేడమ్‌కో, సార్‌కో నెల ముందే చెప్పి, మీ థీసిస్ సారాంశం, మార్కుల వివరాలు ఇవ్వండి. లేకపోతే అందరికీ ఒకటే ఉత్తరం వెళ్తుంది.

అమెరికా నుంచి ఫండింగ్‌తో ఆఫర్ వస్తే వెంటనే ఒప్పుకోమని ఒత్తిడి చేసినా కంగారు పడొద్దు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం తీర్మానంపై సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్‌పై మీ నిర్ణయం కోసం ఏప్రిల్ 15 వరకు ఆగాలి. ఆ లోపు నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి: స్టైపెండ్ 9 నెలలకా 12 నెలలకా, ఎన్నేళ్లకు హామీ, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ట్యూషన్ మాఫీ అయ్యాక కూడా మిగిలే ఫీజులు సెమిస్టర్‌కు ఎంత.