లంబసింగి ఘాట్ సైకిల్ మీద: ఎక్కే ముందు, దిగే ముందు

నవంబరు వచ్చిందంటే మన్యం కొండల మీద వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూస్తాయి, కాఫీ పళ్ళు ఎర్రబడతాయి. విశాఖ, అనకాపల్లి, కాకినాడ వైపు సైకిల్ తొక్కేవాళ్ళ మధ్య ఒకటే మాట నడుస్తుంది: ఈసారి లంబసింగి సైకిల్ మీదే. ఆ మాట వింటే నాకు సంతోషం, దాని వెనకే టెన్షన్. నర్సీపట్నం నుంచి డౌనూరు మీదుగా ఘాట్ ఎక్కి లంబసింగి, చింతపల్లి, అక్కణ్ణుంచి జి.మాడుగుల, పాడేరు దాకా ఈ దారిలో చాలాసార్లు తొక్కాను. ఎక్కుడు దగ్గర ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు. ఊపిరి అందకపోతే దిగి నడుస్తారు, అంతే. దెబ్బలు తగిలించుకున్నవాళ్ళు దాదాపు అందరూ పైకి చేరాక, ఇంక కష్టం అయిపోయిందనుకున్నాక, దిగుడులో తగిలించుకున్నవాళ్ళే. అందుకే ఈ జాగ్రత్తల్లో దిగుడు గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

ముందు కాలం సంగతి. వానాకాలంలో ఈ ఘాట్‌కి సైకిల్ మీద వెళ్ళొద్దు. మలుపుల్లో మట్టి, రాళ్ళు జారిపడతాయి, గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగి కల్వర్టుల మీదుగా పారతాయి. అక్టోబరు, నవంబరు అంటే మనకు తుపాన్ల నెలలు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఏజెన్సీలో కాఫీ తోటలకు నీడనిచ్చే పెద్ద పెద్ద సిల్వర్ ఓక్ చెట్లు కూలిపోయాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే ప్రయాణం వాయిదా వేసుకోండి. వాన తగ్గిన మర్నాడే బయల్దేరకండి. నీళ్ళు తాగిన కొండ రెండు మూడు రోజుల తర్వాత కూడా జారుతుంది.

డిసెంబరు, జనవరి నెలలు బాగుంటాయి, కానీ శని, ఆదివారాలు మాత్రం వద్దు. లంబసింగిలో సూర్యోదయం, మంచు చూడాలని జనం రాత్రంతా కార్లు నడుపుకుంటూ వస్తారు. తెల్లవారుజామున ఎక్కేవాళ్ళూ, ఎనిమిది తొమ్మిదింటికి దిగేవాళ్ళూ చాలామంది నిద్రలేని డ్రైవర్లు. పొగమంచులో పది గజాల ముందు ఏముందో వాళ్ళకీ కనబడదు, మీకూ కనబడదు. మామూలు రోజున, మంచు కాస్త విడిచాక ఎక్కడం మొదలుపెట్టండి. పట్టపగలైనా వెనక ఎర్ర లైటు మినుకుమినుకుమంటూ ఉండాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఘాట్‌లో మలుపు అవతల ఏముందో మీకు చెప్పేది హారన్ ఒక్కటే.

మలుపు దగ్గర పెద్ద బస్సు తిరగాలంటే దానికి రోడ్డంతా కావాలి. తన వరస దాటి మీ వరసలోకి వస్తుంది. అది డ్రైవరు తప్పు కాదు, మలుపే అలాంటిది. హారన్ వినగానే తొక్కడం ఆపి, వీలైనంత వరకు కొండ వైపు ఒదిగి నిలబడండి. లోయ వైపు అంచున నిలబడొద్దు. తారు చివర మట్టి కోసుకుపోయి, పైకి గట్టిగా కనబడుతూ లోపల గుల్లగా ఉంటుంది. జాతీయ రహదారి 516ఇ విస్తరణ పనులు జరిగే చోట తారు ఉన్నట్టుండి ఆగిపోయి కంకర మొదలవుతుంది. అలాంటి చోట ముందు బ్రేకు గట్టిగా పట్టారంటే చక్రం పక్కకు జారిపోతుంది.

ఇక దిగుడు. రబ్బరు షూలతో చక్రం అంచుని (రిమ్‌ని) పట్టే రిమ్ బ్రేకు ఉన్న సైకిల్ మీద కొండ పైనుంచి కింద దాకా బ్రేకు పట్టుకునే దిగితే రిమ్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి లోపలి ట్యూబు పగిలిపోవచ్చు. డిస్క్ బ్రేకులైనా అలా వదలకుండా పట్టుకుంటే వేడెక్కి పట్టు తగ్గుతుంది. కాబట్టి పట్టి వదలాలి, పట్టి వదలాలి. తిన్నటి ముక్కలో వదలండి, మలుపుకి ముందే వేగం తగ్గించేయండి, మలుపు మధ్యలో మాత్రం గట్టిగా పట్టకండి. ముందు బ్రేకూ వెనక బ్రేకూ రెండూ వాడాలి, తడి ఆకులున్న చోట వెనకదాని మీద ఎక్కువ ఆధారపడండి. ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు ఒకసారి ఆగండి. బయల్దేరే ముందు బ్రేకు షూలు అరిగిపోయి ఉంటే కొత్తవి వేయించండి, అదనంగా ఒక జత సంచిలో పెట్టుకోండి. పంచరు సామాను నర్సీపట్నంలో దొరుకుతుంది కానీ, గేరు సైకిల్ బ్రేకు షూలు దారిలో ఎక్కడా దొరుకుతాయనుకోవద్దు. గేర్లు లేని సైకిలైతే ఎక్కుడూ, బాగా నిటారుగా ఉన్న దిగుడూ నడిపించుకుంటూ వెళ్ళడమే మేలు.

చాలామంది ఆలోచించని విషయం చేతివేళ్ళ సంగతి. ఒక జనవరిలో మా పెదనాన్నగారబ్బాయితో కలిసి వెళ్ళాను. రెండు మూడు గంటలు ఎక్కేసరికి ఒళ్ళంతా చెమట, చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. పైన టీ కొట్టు దగ్గర అరగంట కూర్చున్నాం, ఫోటోలు తీసుకున్నాం. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. ఆ తడి చొక్కాతోనే వాడు తిరిగి దిగడం మొదలుపెట్టాడు. గాలికి ఒళ్ళు గడ్డకట్టింది. మూడో మలుపు దగ్గర బ్రేకు నొక్కుతున్నా వేళ్ళు ముడుచుకోవడం లేదని అరిచాడు. అదృష్టం కొద్దీ పక్కన మట్టి గట్టు ఉంది, దానిలోకి పోనిచ్చి ఆగాడు. మోచేయి చీరుకుపోయింది. గట్టు బదులు లోయ ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ నాకు నిద్రలో ఉలికిపాటు వస్తుంది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. పైకి చేరగానే టీ కంటే ముందు బనీను మార్చుకోవాలి. పొడి బనీను, నిండు వేళ్ళ గ్లోవ్స్ ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచిలో పైనే ఉండాలి. దిగే ముందు చొక్కా లోపల ఛాతీ మీద రెండు మడతల న్యూస్‌పేపరు పెట్టుకుంటే గాలి తగలదు. వేళ్ళు ముడిచి తెరిచి, ముడిచి తెరిచి, బ్రేకు లివరు గట్టిగా నొక్కగలుగుతున్నారని తేలాకే సైకిలెక్కండి. మాటలు తడబడుతున్నా, వణుకు ఆగకపోయినా ఆ రోజు దిగొద్దు. చింతపల్లిలో ఉండిపోండి, లేదా జీపు మాట్లాడుకుని సైకిల్ దాని మీద వేయించండి. అందులో నామోషీ ఏమీ లేదు.

డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు, కొండల మధ్య వెలుగు ఇంకా ముందే తగ్గుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక కొత్త ఘాట్ మొదలుపెట్టకూడదని నియమం పెట్టుకోండి. పాడేరు నుంచి దిగేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

తిండి, నీళ్ళ గురించి క్లుప్తంగా: చలిలో దాహం తెలియదు, అయినా తాగుతూ ఉండాలి. గెడ్డ నీళ్ళు అద్దంలా ఉన్నా మరిగించకుండా తాగొద్దు. పల్లీ చిక్కీ, అరటిపళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చాలు. జీలుగు కల్లు ఎవరైనా ఆప్యాయంగా ఇస్తే ఆ రోజు తొక్కడం పూర్తయ్యాకే పుచ్చుకోండి.

ఏజెన్సీ చెక్‌పోస్టుల్లో గంజాయి తనిఖీలు జరుగుతాయి. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి, సంచి విప్పమంటే విప్పి చూపించండి. "అన్నా, ఈ పొట్లం కింద ఊళ్ళో ఇచ్చేయండి" అని ఎవరు అడిగినా, ఎంత మంచివాళ్ళలా కనబడినా, వద్దని చెప్పేయండి. టీ కొట్టు దగ్గర సంచిని వదిలేసి దూరం పోకండి. ఒడిశా సరిహద్దు వైపు లోపలి దారులు పట్టాలనుకుంటే ముందు దగ్గర్లోని పోలీసు స్టేషన్లో చెప్పి, ఊళ్ళో పెద్దల్ని అడిగి వెళ్ళండి.

ఈ దారి ఎవరిదో తెలుసుకుని తొక్కితే మన నడవడిక కూడా మారుతుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించుకున్నాడు. అడవి చట్టాలతో పోడు, అంటే అడవి నరికి చేసుకునే సాగు, కూడా పోయింది. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర లాంటివాళ్ళను నిలబెట్టింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళారు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. 1924 మే 7న కొయ్యూరులో రాజుని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. వీలైతే మొదటి రోజు నర్సీపట్నం నుంచి అక్కడికి వెళ్ళి రండి. ఘాట్ ముందు కాళ్ళు అలవాటు పడతాయి, సైకిల్లో ఏ చప్పుడుందో కూడా తెలిసిపోతుంది.

అందుకే సంతలో ఆడవాళ్ళ ఫోటోలు అడక్కుండా తీయకండి. కాఫీ తోటలోకి దూరి పళ్ళు కోయకండి, అది ఒక కుటుంబానికి ఏడాది రాబడి. సంత రోజున రోడ్డు నిండా మనుషులు, మేకలు, బరువులెత్తుకున్న పెద్దవాళ్ళు ఉంటారు. అక్కడ దిగి నడవండి. "అమ్మా, మంచినీళ్ళు కాస్త ఇస్తారా" అని అడిగితే లేదనే ఇల్లు నాకు ఈ దారిలో ఎదురుకాలేదు.

ఫోన్ సిగ్నల్ కొండ మలుపుల్లో పోతుంది. ఇంట్లోవాళ్ళకు "రోజంతా ఫోన్ చేస్తూ ఉంటా" అని చెప్పకండి. లంబసింగి చేరాక ఒకసారి, చింతపల్లిలో ఒకసారి చేస్తానని చెప్పండి. ఫలానా టైముకి రాకపోతే ఎవరికి చెయ్యాలో కూడా రాసి ఇవ్వండి. దారిలో కిలోమీటరు రాళ్ళ మీది అంకె చూసుకుంటూ పోతే, 108కి చేసినప్పుడు ఎక్కడున్నారో చెప్పగలుగుతారు. అంబులెన్స్ ఆలస్యమయ్యేలా ఉంటే వచ్చే జీపు ఆపండి. కిందికైతే నర్సీపట్నం, పైనైతే చింతపల్లి లేదా పాడేరు ప్రభుత్వ ఆసుపత్రి. పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రాత్రి ఎక్కడ పడుకున్నా దోమతెర కట్టుకోండి, నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఏజెన్సీ మలేరియాలో ఫాల్సిపేరమ్ రకం ఉంటుంది, అది మెదడుకు ఎక్కితే ప్రాణం తీస్తుంది. జ్వరం వెంటనే రాదు, తిరిగొచ్చిన వారం పది రోజుల తర్వాతో, నెల లోపో వస్తుంది. అప్పటికి ప్రయాణం సంగతి మర్చిపోయి పారాసిటమాల్ వేసుకుని పడుకుంటారు. పొదల్లో కూర్చున్నప్పుడు చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా అలాగే మొదలవుతుంది, ఒంటి మీద ఎక్కడైనా నల్లని పొక్కు కనబడితే చూపించండి. జ్వరం వచ్చిన రోజే రక్త పరీక్ష చేయించుకోండి. డాక్టరుగారు అడగకపోయినా, "నేను మొన్న చింతపల్లి వెళ్ళొచ్చానండీ" అని మీరే చెప్పండి.